కొండ కింద ఉండిపోయిన గొట్టం

మా బడి ల్యాబ్ బీరువా పై అరలో ఒక బారోమీటర్ గొట్టం ఉంది. గొట్టం ఉంది గానీ పాదరసం లేదు. నేను బదిలీ మీద ఆ బడికి వచ్చేనాటికే అది ఖాళీ. ఏటా గాలి పీడనం పాఠం వచ్చినప్పుడు దాన్ని దించి, కొంగుతో దుమ్ము తుడిచి, "ఇందులో పాదరసం నింపి బోర్లిస్తే 76 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది" అని చెప్పి మళ్ళీ పైన పెట్టేస్తాను. ఎన్నో ఏళ్ళుగా ఇదే మాట. ఈసారి మూడో బెంచీ అమ్మాయి లేచి, "టీచర్, తిరుమల కొండ మీద కూడా 76 దగ్గరే ఆగుతుందా? మీరు చూసినారా?" అంది.

తగ్గుతుందని నాకు తెలుసు. కానీ చూడలేదు. ఆ రెండు మాటలూ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. తర్వాత పాఠం పక్కన పెట్టి పిల్లలకు ఒక బావ కథ చెప్పాను. ఆ కథ నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది, అందుకే ఇక్కడా చెప్తున్నాను.

సైంటిస్టు అన్న మాటే పుట్టని రోజులవి. ప్రకృతి తత్వవేత్తలు అనేవాళ్ళు. వాళ్ళలో సన్యాసులు, లాయర్లు, డాక్టర్లు, బట్టల వ్యాపారులు అందరూ ఉన్నారు. 1644 జూన్‌లో ఇటలీ నుంచి టారిసెల్లి తన మిత్రుడు రిచీకి ఒక ఉత్తరం రాశాడు. మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నామని, గొట్టంలో పాదరసాన్ని నిలబెడుతున్నది ఆ గాలి బరువేనని అందులో ఉంది. ఆ సంగతి పారిస్‌లో మెర్సెన్ అనే సన్యాసికి చేరింది. మాంసం, గుడ్లు, చివరికి పాలు కూడా ముట్టని మినిమ్ అనే మఠం ఆయనది. ఆ మఠంలోని చిన్న గదికి యూరప్ నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చేవి. తీగ పొడవుకూ స్వరానికీ ఉన్న సంబంధం, ప్రధాన సంఖ్యలు, కింద పడే వస్తువుల వేగం, శూన్యం అనేది ఉందా లేదా అన్న వాదన, అన్నీ ఆ ఒక్క బల్ల మీదికే. ఒకాయన రాసింది నకలు తీసి ఇంకొకాయనకు పంపి, "దీనికి మీరేమంటారు?" అని అడిగేవాడు. జవాబు రాకపోతే మళ్ళీ అడిగేవాడు.

టారిసెల్లి ప్రయోగం పారిస్‌లో చేద్దామంటే మెర్సెన్‌కు కుదరలేదు. పాదరసం బరువును తట్టుకునే మంచి గాజు గొట్టాలు అక్కడ దొరకలేదు. ఫ్రాన్స్‌లోనే రువాన్ అనే ఊళ్ళో గాజు కొలిమి బాగుండేది. 1646లో కుర్రవాడైన పాస్కల్, వాళ్ళ నాన్న, పెతీ అనే ఇంజినీరు కలిసి అక్కడ చేసి చూశారు. ఇంత పెద్ద వాదన గాజు ఊదే పనివాడి చేతి నైపుణ్యం కోసం రెండేళ్ళు ఆగింది. ఆ పనివాళ్ళ పేర్లు ఎక్కడైనా కనిపిస్తాయేమోనని నేనిప్పటికీ చూస్తూనే ఉంటాను.

పాస్కల్‌కు ఒక ఆలోచన వచ్చింది. పాదరసాన్ని నిలబెట్టేది గాలి బరువే అయితే, ఎత్తుకు పోయేకొద్దీ మీదున్న గాలి తగ్గుతుంది కాబట్టి పాదరసం కూడా దిగాలి. "ప్రకృతికి శూన్యం గిట్టదు, అందుకే పాదరసం పైన నిలబడుతుంది" అని పాతవాళ్ళు అనేవాళ్ళు. అదే నిజమైతే, కొండ కింద ఎక్కువ గిట్టక, కొండ పైన కొంచెం గిట్టడం ఏమిటి? ఈ ఆలోచన తనదేనని దెకార్త్ అనే తత్వవేత్త కూడా అన్నాడు. ఆ తగువు జోలికి నేను పోను. దెకార్త్ చేసిన ఇంకొక పని మాత్రం నాకు చాలా ఇష్టం. 1647 డిసెంబరులో హాలండ్ నుంచి మెర్సెన్‌కు ఉత్తరంతో పాటు రెండున్నర అడుగుల కాగితపు కొలబద్ద ఒకటి పంపాడు. సరిగ్గా అలాంటిదే ఇంకొకటి తన దగ్గర పెట్టుకున్నాడు. మీ ఊళ్ళో మీరు, మా ఊళ్ళో నేను ఒకే కొలతతో చూస్తే వాతావరణానికీ చోటుకూ తేడా ఉందో లేదో తెలుస్తుందని.

పాస్కల్ పారిస్‌లో ఉన్నాడు. ఒంట్లో బాగుండని మనిషి. చుట్టుపక్కల చెప్పుకోదగ్గ కొండ లేదు. అక్క జిల్‌బెర్త్‌ను ఇచ్చిన ఊరు క్లెర్మాంట్, దాని పక్కనే ప్యూయ్ ద డోమ్ అనే కొండ, 1465 మీటర్ల ఎత్తు. 1647 నవంబరు 15న బావ పెరియేకి ఉత్తరం రాశాడు: బావా, ఈ పని నువ్వు చేసి పెట్టాలి. (మాట నాది, సంగతి ఆయనది.) ఉద్యోగం పనుల మీద వేరే ఊరు పోవడం, మంచు, పొగమంచు, అన్నీ కలిసి బావకు పది నెలలు పట్టింది.

1648 సెప్టెంబరు 19, శనివారం. ఉదయం ఎనిమిదింటికి ఊళ్ళో అన్నిటికంటే పల్లంలో ఉన్న మినిమ్ మఠం తోటలో కలుసుకున్నారు. ఇద్దరు మతగురువులు, ఇద్దరు అధికారులు, ఒక డాక్టరు, పెరియే. నాలుగడుగుల గొట్టాలు రెండు, పదహారు పౌండ్ల పాదరసం. ముందు రెండు గొట్టాలనూ ఒకే చోట పెట్టి చూశారు. రెండింట్లోనూ 26 అంగుళాల మూడున్నర గీతలు (గీత అంటే అంగుళంలో పన్నెండో వంతు; వాళ్ళ అంగుళం మన అంగుళం కంటే కాస్త పెద్దది), అంటే మన లెక్కలో సుమారు 71 సెంటీమీటర్లు. తర్వాత ఒక గొట్టాన్ని తోటలోనే వదిలి, ఫాదర్ షాస్తాన్ అనే ఆయన్ను దాని దగ్గర కూర్చోబెట్టారు. రోజంతా దాన్నే చూస్తుండమని చెప్పి, రెండోదాన్ని పట్టుకుని కొండెక్కారు. పైన 23 అంగుళాల రెండు గీతలు. ఎనిమిదిన్నర సెంటీమీటర్లు తగ్గింది! నమ్మలేక అయిదుసార్లు చేశారు. పైనున్న చిన్న గుడి లోపల ఒకసారి, బయట ఒకసారి, గాలిలో, పొగమంచులో. అన్నిసార్లూ అదే. దిగుతూ దారిలో ఇంకోసారి చూస్తే మధ్యలో ఎక్కడో నిలబడింది. కిందికొచ్చి అడిగితే, రోజంతా ఎండా వానా గాలీ మారినా గొట్టంలో ఒక్క గీత కూడా కదల్లేదన్నారు ఫాదర్ షాస్తాన్.

ఈ కథ చెప్పేవాళ్ళందరూ పాస్కల్ గురించి, కొండెక్కిన పెరియే గురించి చెప్తారు. నాకెప్పుడూ ఆ తోటలో కూర్చున్నాయనే గుర్తొస్తాడు. అందరూ కొండెక్కి వింత చూసి వచ్చారు. ఆయన పొద్దున్నుంచీ కదలని గీతను చూస్తూ కూర్చున్నాడు. ఆయనే లేకపోతే పైన తగ్గింది ఎత్తు వల్లనా, ఆ పూట వాతావరణం మారడం వల్లనా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పేవాళ్ళు?

ఆ సాయంత్రమే అక్కవాళ్ళింటికి వెళ్ళాను. కపిలతీర్థం దగ్గర ఇల్లు. మా బావ ఆర్టీసీలో చాలా ఏళ్ళు ఘాట్ రోడ్డు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కథ మొత్తం విని, "గాలి పైన పల్చన అని దానికి గొట్టాలెందుకు పాపా? రోజుకు ఎన్ని ట్రిప్పులు, అన్నిసార్లు నా చెవులు దిబ్బళ్ళు పడేవి. ప్యాసింజర్లకు గుటక మింగండి అని చెప్పేది నేనే" అన్నాడు. మాట నిజం. అయినా ఎంత పల్చన అన్నది చెవి చెప్పలేదు కదా అన్నాను. "సరే అయితే, ఎక్కుదాం పా" అన్నాడు.

మా దగ్గర పాదరసం లేదు, ఉన్నా పిల్లల ముందు తీయను. నా ఫోనులో గాలి పీడనం కొలిచే సెన్సారు ఉంది. బెంగళూరులో ఉండే అక్క కూతురు వదిలేసి పోయిన పాత ఫోనులోనూ ఉంది. మహాశివరాత్రికి ముందు ఆదివారం, తెల్లవారుజామున నాలుగూ నలభైకి రెండింటినీ అక్క వంటింటి గట్టు మీద పక్కపక్కన పెట్టి చూశాను. నాది 993.4 హెక్టోపాస్కళ్ళు, పాతది 994.6. (ఆ కొలతకు పెట్టింది ఆ పాస్కల్ పేరే.) 1.2 తేడా ఉంది. అది రాసి పెట్టుకున్నాను. మోకాళ్ళ నొప్పితో అక్క ఎక్కలేదు. పాత ఫోను అక్క చేతికిచ్చి, అరగంటకొకసారి అంకె చూసి రాయమన్నాను. అక్క పాల లెక్క పుస్తకం వెనక పేజీ తీసింది.

అలిపిరిలో అయిదున్నరకు మొదలుపెట్టాం. 3550 మెట్లు. ముందు ఒకామె కొంగు నడుముకు చుట్టి, ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతూ పోతోంది. నేను యాభై మెట్లకొకసారి ఆగి ఫోను చూసి చిన్న నోట్‌బుక్కులో రాస్తున్నాను. మా ఇద్దరి నడకా ఇంచుమించు ఒకటే, కలుస్తూ విడిపోతూ ఎక్కాం. కాసేపయ్యాక ఆమే అడిగింది, "ఏం రాస్తా ఉండావు మా?" అని.

"గాలి బరువు."

"తగ్గుతా ఉందా?"

"తగ్గుతోందక్కా. మెట్టుమెట్టుకూ."

"అట్లనా" అని, వంగి ఇంకో మెట్టుకు పసుపు రాసింది.

గాలిగోపురం దగ్గర 947. అక్కడ టీ తాగాం. ఆ తర్వాత దారి కాస్త చదునుగా ఉంటుంది. అంకె కూడా అక్కడక్కడే తిరిగింది, కాసేపు అరంకె కూడా మారలేదు. కాళ్ళకు తెలిసిందే ఫోనుకూ తెలిసిందని బావ నవ్వాడు. మోకాళ్ళ మెట్టు దగ్గర మళ్ళీ గబగబా దిగింది. తొమ్మిదిన్నరకు పైకి చేరి, ఒక కొట్టు ముందు నీడలో నిలబడి చూస్తే 920.7. ఆ కొట్లో వేలాడదీసిన చిప్స్ ప్యాకెట్లు దిండ్లలా ఉబ్బి ఉన్నాయి. బావ ఒకటి కొని నా చేతిలో పెట్టాడు. కింద మామూలుగా ఉండే ప్యాకెట్టే, ఇక్కడ వేలితో నొక్కితే టప్పుమనేలా ఉంది. 1660 నాటికి ఇంగ్లండులో బాయిల్, హుక్ కలిసి గాలి లాగేసే యంత్రం కట్టి, గొర్రెపిల్ల మూత్రాశయాన్ని ముడివేసి అందులో పెట్టి ఉబ్బించి చూపించారు. మన కొట్టువాళ్ళకు ఆ యంత్రం అక్కర్లేదు, ఘాట్ రోడ్డు ఉంది.

లెక్క కట్టాను. పొద్దున కింద 993.4, ఇప్పుడు 920.7. తేడా 72.7. సంతోషంగా దిగి వచ్చాం, బస్సులో. చెవులు దిబ్బళ్ళు పడ్డాయి.

ఇంటికొచ్చేసరికి అక్క ముఖం చిన్నబోయి ఉంది. "ఏమో పాపా, ఫోను చెడిపోయినట్టుంది. ఎక్కుతా ఉంది" అంది. పుస్తకం చూశాను. ఒక పక్క పాల లెక్క, ఇంకో పక్క అక్క గుండ్రటి చేతిరాతలో అంకెలు. అయిదుకు 994.6. ఆరుకు 995.0. ఏడుకు 995.7. ఎనిమిదికి 996.4. పక్కన "కరెంటు పోయింది, వచ్చింది" అని రాసింది. తొమ్మిదికి 996.9. తొమ్మిదిన్నరకు 997.1. పదికి 997.2, పక్కన "మళ్ళీ చూశాను, అంతే". అక్క కదల్లేదు, ఇల్లు కదల్లేదు. అంకె మాత్రం రెండున్నర పైకెక్కింది. ఫోను చెడిపోయిందని అక్క గట్టిగా అనుకుంది. అయినా ఒక్క అంకె కూడా తనకు తోచినట్టు దిద్దలేదు.

నాకూ మొదట అంతు పట్టలేదు. ఆ రాత్రి చదివితే తెలిసింది, ఫోను నిక్షేపంగా ఉందని. మనలాంటి వేడి ప్రాంతాల్లో గాలికి కూడా ఆటుపోట్లు ఉంటాయి. పీడనం ఉదయం పది ప్రాంతంలో, మళ్ళీ రాత్రి పది ప్రాంతంలో ఎక్కుతుంది. తెల్లవారుజామున నాలుగుకు, సాయంత్రం నాలుగుకు కాస్త అటూ ఇటూగా దిగుతుంది. సముద్రం పోటుకు ముఖ్యంగా చంద్రుడు కారణమైతే దీనికి సూర్యుడు. పైనున్న ఓజోను, నీటి ఆవిరి ఎండను పీల్చి వేడెక్కడం వల్ల గాలి మొత్తం ఇలా ఊగుతుంది. భూమధ్యరేఖకు దూరం పోయేకొద్దీ ఈ ఊపు తగ్గిపోతుంది. క్లెర్మాంట్ చాలా ఉత్తరాన ఉంది, ఫాదర్ షాస్తాన్ గొట్టం కదలకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. మనం ఇక్కడున్నాం కాబట్టి అక్క ఫోను కదిలింది. చిత్తూరు పోయే దారిలో గాదంకి దగ్గర ఆకాశం వైపు తిరిగి ఉన్న రాడార్‌ను ఎన్నిసార్లు బస్సులోంచి చూసుంటాను! పై గాలుల కదలికలను, ఇలాంటి అలలను, ఆటుపోట్లను గమనించే రాడారే అది. ఆ గాలి పోటే అక్క వంటింట్లోకీ వచ్చింది.

లెక్క మళ్ళీ కట్టాను. తొమ్మిదిన్నరకు అక్క రాసింది 997.1. రెండు ఫోన్ల మధ్య తేడా 1.2 తీసేస్తే 995.9. అందులోంచి పైన చూసిన 920.7 తీసేస్తే 75.2. పాదరసం లెక్కలో 56 మిల్లీమీటర్ల పైచిలుకు. ఎత్తుగా మార్చితే 680 మీటర్ల దగ్గరికొచ్చింది. అక్క అంకెలు లేకుండా నేను సంతోషపడ్డ లెక్కలో ఇరవై మీటర్లకు పైగా తప్పుంది. ఏడంతస్తుల మేడంత తప్పు.

అక్క పుస్తకం చూస్తుంటే నాకు లండన్ రాయల్ సొసైటీ తొలి రోజుల మినిట్స్ గుర్తొచ్చాయి. 1660 నవంబరులో పన్నెండుమంది కూడి మొదలుపెట్టిన సంఘం అది. ఎవరి మాటా ఊరికే నమ్మవద్దన్నది వాళ్ళ సూత్రం. 1661 జులై 24న వాళ్ళు చేసిన పని ఒకటుంది. యూనికార్న్ అనే ఒంటికొమ్ము జంతువు కొమ్ముపొడితో గిరి గీస్తే సాలీడు దాటలేదని ఒక నమ్మకం. ఆ కొమ్మని అమ్మే పొడి తెచ్చి, గుండ్రంగా పోసి, మధ్యలో సాలీడును వదిలారు. అది వెంటనే బయటికి పరుగెత్తింది. మళ్ళీ మళ్ళీ వదిలారు, అంతే. అయితే ఒకసారి మాత్రం సాలీడు పొడి మీద కొంచెంసేపు ఆగింది. ఆ సంగతి కూడా రాసుకున్నారు. నమ్మకం తప్పని తేలిపోయాక ఆ వాక్యం రాయకపోయినా అడిగేవాళ్ళు లేరు. అక్క "మళ్ళీ చూశాను, అంతే" అన్న ముక్క, ఆ వాక్యం నాకు ఒకేలా కనిపిస్తాయి.

ఆ సంఘానికి కార్యదర్శి ఓల్డెన్‌బర్గ్. జర్మనీలోని బ్రెమెన్ నుంచి వచ్చినవాడు. మెర్సెన్ పారిస్‌లో చేసిన పనే ఈయన లండన్‌లో చేశాడు. 1665 మార్చిలో ఆ ఉత్తరాల నుంచే ఒక పత్రిక పుట్టించాడు, అది ఇప్పటికీ వస్తోంది. డచ్చివాళ్ళతో యుద్ధం జరుగుతున్నప్పుడు, 1667లో, విదేశాలకు రాసిన ఉత్తరాల వల్లే అనుమానించి టవర్ ఆఫ్ లండన్‌లో పెట్టారు. రెండు నెలల పైన లోపలున్నాడు. బయటికొచ్చి మళ్ళీ ఉత్తరాలే రాశాడు. అనుమానం రాకుండా కొన్ని ఉత్తరాలు తన పేరులోని అక్షరాలు తారుమారు చేసి "గ్రుబెండోల్" అన్న పేరు మీద తెప్పించుకునేవాడు.

ఆయనకు డెల్ఫ్ట్ ఊరి నుంచి లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి రాసేవాడు. లాటిన్ రాదు, డచ్చి భాషలోనే రాసేవాడు. మిరియానికి ఆ ఘాటు ఎక్కడిదో తెలుసుకుందామని మిరియాలు నీళ్ళలో నానబెట్టి, తను అరగదీసుకున్న చిన్న భూతద్దంతో చూశాడు. ఘాటు సంగతి తేలలేదు గానీ, ఆ నీళ్ళలో ఇసుక రేణువు కంటే ఎన్నో రెట్లు చిన్న ప్రాణులు ఈదుతూ కనిపించాయి. మన దేశం నుంచో జావా నుంచో ఓడలో పోయిన మిరియాలే అయ్యుంటాయి. చారు కాచిన ప్రతిసారీ నాకు ఆయన గుర్తొస్తాడు. 1676 అక్టోబరులో ఆ సంగతంతా ఉత్తరం రాస్తే లండన్‌లో చాలామంది నమ్మలేదు. ఆయన ఊళ్ళో పెద్దమనుషులకు, పాస్టర్లకు చూపించి, చూశామని వాళ్ళ చేత సాక్ష్యం రాయించి పంపాడు. 1677 నవంబరులో హుక్ మిరియాల నీళ్ళతోనే చేసి, ఆ ప్రాణులను సభ వాళ్ళకు చూపించాడు. ఓల్డెన్‌బర్గ్ అప్పటికి లేడు. ఆ సెప్టెంబరులోనే పోయాడు. మెర్సెన్ కూడా అంతే: పెరియే కొండెక్కింది సెప్టెంబరు 19న, ఆయన పోయింది సెప్టెంబరు 1న. ఉత్తరాలు మోసిన ఇద్దరికీ జవాబు అందలేదు. ఈ తేదీలు పక్కపక్కన చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేసినట్టవుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. 1667 మేలో మార్గరెట్ కావెండిష్ అనే రచయిత్రి ఆ సభకు వచ్చి బాయిల్ ప్రయోగాలు చూసింది. సభ్యత్వం మాత్రం ఆమెకే కాదు, ఏ ఆడమనిషికీ 1945 దాకా ఇవ్వలేదు. మా అక్క పదో తరగతితో ఆపేసింది, ఆపించారు. లెక్కల్లో నాకంటే చురుకు. ఆ రాత్రి నేను గాలి పోటు గురించి చెప్తుంటే మధ్యలో ఆపి, "అయితే రాత్రి పదికి మళ్ళీ ఎక్కాల కదా?" అంది. గడియారం చూస్తే తొమ్మిదీ నలభై. ఇద్దరం ఫోను ముందు కూర్చున్నాం. పదికి 996.6. సాయంత్రం నాలుగుకు అక్క రాసిపెట్టిన అంకె 993.9.

సోమవారం ఆ పుస్తకం పేజీని ఫోటో తీసి పిల్లలకు చూపించాను. నల్లబల్ల మీద అక్క అంకెలన్నీ వరసగా రాసి గ్రాఫు గీయమన్నాను. మూడో బెంచీ అమ్మాయి గీత అందరికంటే ముందు గీసి, "టీచర్, వానొచ్చే రోజు ఎట్లుంటుందో?" అని అడిగింది. ఆ మాటే అక్కకు చెప్పాను.

అప్పటి నుంచి అక్క ఆపలేదు. పొద్దునా రాత్రీ రాసి నాకు మెసేజ్ పెడుతోంది. ఈరోజు వచ్చింది ఇది: "ఉదయం 10. 995.3. మబ్బు పట్టింది, గాలి లేదు. పాలు లీటరున్నర."